నెట్టుకు వాల్వు బిగించిన రంగనాయకులు

ఇట్లా దగ్గరికి జరగండమ్మా. ఆ ఫోన్లు కాస్త బోర్లా పెట్టి నా మంచం పక్కన కూచోండి. నేను చెప్పేదీ ఫోన్ల సంగతే, మీకు నష్టమేమీ లేదు.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ వెనక వీధిలో రంగనాయకులని ఒకాయన ఉన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు కొళాయి నీళ్లు వదిలే ఉద్యోగం చేశాడు. ఉద్యోగం చిన్నదే కానీ, వాల్వు తిప్పే ఇనప తాళం మాత్రం ఆయన భుజమెత్తు ఉండేది. మన వైపు నీళ్ల సంగతి మీకు కొత్తగా చెప్పాలా? మూడు రోజులకో నాలుగు రోజులకో ఒక్కసారి. ఆ తాళం భుజాన పెట్టుకుని ఆయన వీధిలోకి వస్తుంటే, పెళ్లికొడుక్కి కూడా అంతమంది ఎదురెళ్లరు. "అన్నా, ఇంకో పది నిమిషాలు వదులు", "మామా, మా ఇంట్లో శుభకార్యం" అని ఒకటే బతిమాలడం. ఆయన ఔననడు, కాదనడు. గంభీరంగా ఆకాశం చూసేవాడు. జనం కూడా బిందెలతో ఆకాశమే చూసేవాళ్లు.

రిటైరైన మర్నాడు తాళం ఇంకొకరి భుజమెక్కింది. ఆయన్ను అడిగేవాళ్లు లేరు. ఇక ఇంట్లో అంటారా, అక్కడ ఆయన్ను అడిగే ఆచారం మొదటినుంచీ లేదు. భార్య పేరు వెంకటసుబ్బులమ్మ. అంత పేరూ పిలిచేలోపల ఆమె అనుకున్న పని చేసేసి వచ్చేస్తుంది. అందుకే ఆయన సుబ్బులూ అని కురచ చేసుకున్నాడు. అయినా అందలేదు.

"ఏమే, ఏదన్నా చేసే ముందు నన్నొక మాట అడగొచ్చు గదా?"

"అడిగితే ఆలిస్యమైతాది."

ఇదీ కాపురం. చచ్చేలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సుబ్బులమ్మ తన ముందు నిలబడి ఏదైనా అడగాలి. పాపం, ఆయనకున్న కోరికల్లా అదే.

వాళ్ల ఇంటికి నెట్టు తీగ ఉంది. కేబులు కాటమరాజు స్తంభం మీదుగా లాగి, వసారాలో నాలుగు బొక్కల డబ్బా ఒకటి కొట్టి పోయాడు. అక్కణ్ణుంచి తీగ లోపలి గదిలో ఇంకో డబ్బాకు వెళ్తుంది. టీవీకీ ఫోన్లకూ నెట్టు ఇచ్చేది ఆ లోపలి డబ్బా. ఒకనాడు మధ్యాహ్నం రంగనాయకులు ఆ తీగను చూస్తూ చూస్తూ లేచి కూర్చున్నాడు. పైపు లాంటిదే కదా ఇదీ! మరి నడుమ వాల్వేదీ?

మునిసిపాలిటీలో కంప్యూటరు కొట్టి రిటైరైన గురవయ్య ఆయనకు స్నేహితుడు. పాత కంప్యూటరు ఒకటి సంచిలో వేసుకుని దిగాడు.

"చూడు బావా, ఈ పెట్టెకు రెండు నోళ్లు పెట్టినా. వసారా డబ్బాలోంచి వచ్చే తీగ ఈ నోట్లో. లోపలి డబ్బాకు పోయే తీగ ఆ నోట్లో. ఇంట్లో టీవీ అయినా, ఫోనయినా ఇక ఈ పెట్టెను దాటే పోవాల. నువ్వు సరేనంటేనే పోవాల."

"అంటే గేటు వాల్వు!"

"కంప్యూటరోళ్లూ గేటనే అంటారులే."

రంగనాయకులు కళ్లు చెమర్చాయి. అనుమతి లేనివాళ్లకు కనబడేలా గురవయ్య ఒక బోర్డు కూడా రాసిపెట్టాడు: 'నెట్టు కావలసినవారు రంగనాయకులు గారిని అడగవలెను.' పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు.

"ఒక్క మాట బావా. బయటి తీగా లోపలి తీగా ఈ పెట్టెలోనే కలవాల. ఇంకెక్కడా కలపబాకు."

"నీళ్ల పని చేసినోడికి చెప్తాండావా?" అన్నాడు ఈయన.

గేటు మూసి, వసారాలో కుర్చీ వేసుకుని, తువ్వాలు సర్దుకుని కూర్చున్నాడు. ఒకరోజు పోయింది. రెండోరోజూ పోయింది. సుబ్బులమ్మ రాలేదు. మూడోరోజు ఆయనకే ఊపిరాడలేదు.

"ఏంది సుబ్బులూ, టీవీలో నెట్టు రాలేదా?"

"రాలే."

"బోర్డేమన్నా కనపడిందా?"

"నీ పేరు కనపడింది. ఎవరో సన్మానం చేస్తాండారేమో అనుకున్యా."

"మరి అడగవేందే!"

"నా ఫోన్లో రీఛార్జి ఉండాది గదయ్యా. ఎల్లుండితో అయిపోతాది."

ఎల్లుండి! ఆ మాటకు ప్రాణం లేచొచ్చింది. అయితే మర్నాడు పొద్దున ఆ ముసలి కంప్యూటరు ఒక్క గురక పెట్టి ఆగిపోయింది. నాలుగు తట్టితే మళ్లీ లేచింది కానీ, రంగనాయకులుకు దిగులు పట్టుకుంది. రేపు ఆమె వచ్చి అడిగినప్పుడు ఇది పడుకుంటే? అడిగినప్పుడు వదలలేనివాడు ఏం వాల్వుమనిషి?

నీళ్ల పనిలో దీనికి మందుంది. వాల్వు పట్టేస్తే అక్కరకొస్తుందని దాని పక్కనుంచి ఒక దొంగ పైపు వేసి ఉంచుతారు. తరాలనాటి తెలివి అది. ఈయన అదే చేశాడు. గూట్లోంచి నల్ల తీగ ముక్క తీసి, వసారా డబ్బాలో ఒక కొస, లోపలి డబ్బాలో ఒక కొస దూర్చి, చేతులు దులుపుకున్నాడు.

కానీ నెట్టు నీళ్ల మాదిరి ఒకే వైపు పారదు కదమ్మా. ఇంట్లో వాళ్లకు మాత్రమే 'నన్నడుగు, నన్నడుగు' అని చెప్పాల్సిన పెట్టె, ఆ దొంగ తీగలోంచి వీధిలోకి నోరు పెట్టి, కాటమరాజు తీగ ఉన్న ప్రతి ఇంటికీ అదే చెప్పడం మొదలుపెట్టింది.

పది గంటలకు ఎదురింటి ఎలీషబా వచ్చింది. జాకెట్లు కుడుతుంది. మెడలో టేపు, చేతిలో ఫోను.

"అన్నా, ఇదేందన్నా, నా ఫోన్లో నిన్ను అడగమని వస్తాంది. కాస్త వదలన్నా."

రిటైరైన అయిదేళ్ల తర్వాత విన్న మాట! రంగనాయకులు కాలు మీద కాలు వేసుకున్నాడు. గంభీరంగా ఆకాశం చూశాడు. చూసి కిందకు దించేసరికి వాకిట్లో ఆరుగురు. ఇంకోసారి చూసి దించేసరికి ముప్ఫైమంది. అప్పట్లో బిందెలు పట్టినట్టే ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ నాలుగు నిమిషాలూ ఆయన బతికాడమ్మా. ఆ తర్వాత బతుకు లేదు.

వదులుదామని పెట్టె ముందు కూర్చుంటే, తెర మీద ఒక్క మనిషి పేరు లేదు. అంకెలూ అక్షరాలూ కలిపి బారులు బారులుగా చీమల్లా ఉన్నాయి.

"ఇందులో నువ్వెవరమ్మా?" అని ఎలీషబాను అడిగాడు.

"నేను ఎలీషబానన్నా! పదకొండింటికి పెళ్లికూతురు జాకెట్టు ఇయ్యాల. వీడియో చూసి ఒక చెయ్యి కుట్టినా. రెండో చెయ్యి ఫోన్లో ఉండాది!"

తోచినదల్లా నొక్కాడు. పెట్టె గురక పెట్టింది. గురవయ్యకు ఫోన్ చేశాడు. ఆయన గిద్దలూరులో పెళ్లిలో ఉన్నాడు, వెనక బ్యాండు మేళం.

"బావా, వీధంతా మూసకపోయింది, ఎట్ల తెరిచేది?"

"ఆఁ, తిన్యా బావా, రెండుసార్లు తిన్యా!"

ఇక ఆశ వదిలేసి పెట్టె ప్లగ్గే పీకేశాడు. అప్పుడూ రాలేదు. పెట్టె చచ్చినా, అది చెప్పిన తప్పుదోవ ఫోన్లన్నీ పట్టుకునే ఉన్నాయి. వాల్వు ఊడబీకినా నీళ్లు రాని వింత ఆయన సర్వీసులో ఎరగడు.  నెమ్మదిగా వెళ్లి స్నానాల గదిలో దూరి గడియ వేసుకున్నాడు.

అంతలో నిచ్చెన భుజానేసుకుని కాటమరాజు వచ్చాడు, గొంతు బొంగురు పోయి. "పొద్దున్నుంచి స్తంభాలు ఎక్కి దిగి నా మోకాళ్లు పోయినాయి! ఎక్కడ పెద్దాయన? ఈ ఇంటికి తీగే కోసేస్తా!"

దాంతో జనానికి ధైర్యం వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ల నీళ్ల బాకీ అంతా బయటికొచ్చింది. "మా అక్క పురిటినాడు చెంబు నీళ్లు వదల్లేదు!" "నేను బతిమాలితే మొబ్బులు చూసినాడు!" గదిలో బకెట్టు మీద కూర్చుని రంగనాయకులు అన్నీ విన్నాడు. అప్పట్లో ఒక్కరూ నోరెత్తలేదే అనుకున్నాడు. బిందె నిండేదాకా ఎవరెత్తుతారులే అని కూడా ఆయనకే తోచింది. తల మోకాళ్ల మీదికి వంగిపోయింది.

అప్పుడు సుబ్బులమ్మ చీపురుతో వసారాలోకి వచ్చింది. గోడవార చూసింది.

"నిన్న ఊడ్చేటప్పుడు ఈ నల్ల తీగ లేదే," అని తనలో తాను గొణుక్కుంటూ ఒక్క లాగు లాగింది. కాటమరాజు ఆ తీగను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇదే! ఈ పని చేసిందెవురు?"

"నేనే," అంది సుబ్బులమ్మ.

"నువ్వా అత్తా?"

"నేనేరా. ఊడ్చేటప్పుడు కొస వేలాడతాంటే బొక్క కనపడింది, దూర్చినా. ఏం జేస్తావు, నన్ను కోస్తావా?"

ఆమెనేమంటాడు? ఫోన్లు ఒకసారి ఆపి మళ్లీ పెట్టుకోమని అందరికీ చెప్పి నిచ్చెనెత్తుకున్నాడు. ఎలీషబా రెండో చెయ్యి కుట్టడానికి పరుగెత్తింది. వాకిలి ఖాళీ అయ్యాక గడియ తీసుకుని ఈయన బయటికొచ్చాడు.

"ఎందుకట్ల చెప్పినావు సుబ్బులూ?"

"నిన్ను తిట్టే పని నాది. వీధోళ్లకు పంచుతానా?"

 ఈమె కోసం ఏదైనా చేయవచ్చనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన కబురు చూద్దామని ఫోను తీస్తే బోర్డు వచ్చింది: 'నెట్టు కావలసినవారు వెంకటసుబ్బులమ్మ గారిని అడగవలెను.' తాను కునుకు తీసిన వేళ సుబ్బులమ్మ పిలిపిస్తే గురవయ్య వచ్చి పెట్టెను మళ్లీ బిగించి పోయాడన్నమాట. ఆ పేరు పూర్తిగా చదవడానికే ఆయనకు నీరసం వచ్చింది. వంటింటి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు.

"సుబ్బులూ... కాస్త వదులుతావా?"

"ఎందుకు?"

"వానొస్తాదేమో చూద్దామని."

"చిక్కుడుకాయలు ఈనెలు తీయి. అంతలోకి వస్తే వస్తాది."

చేట ముందేసుకుని కూర్చున్నాడు. సగం తీశాడో లేదో, ఆమె పొయ్యి దగ్గర్నుంచి తిరిగి, ఆయన ముఖంలోకి సూటిగా చూసి అడిగింది. అవునమ్మా, అడిగింది!

"ఏమయ్యా, రేపు ఏం కూర జేద్దాం?"

రంగనాయకులు చేతిలో కాయ జారిపోయింది. నలభై ఏళ్లుగా కాచుకున్న మాట.  వంకాయ అనాలా, బీర అనాలా, ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"నీ... నీ ఇష్టం," అన్నాడు.

"ఇందుకే అడగను," అని ఆమె మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

అదీ సంగతి. ఇది నాతో పోనీయకండమ్మా, గుర్తుపెట్టుకుని మీ ఇళ్లలో నలుగురికీ చెప్పండి. కావాలంటే ఆయన పేరు మార్చుకోండి, ఊరూ మార్చుకోండి. తీగ లాగిన ఆ తల్లి పేరు మాత్రం ఎంత పొడుగైనా సరే, పూర్తిగా చెప్పండి.