మూడువందల పది గ్రాముల మహోపకారం

మానవజాతిని పట్టి పీడిస్తున్నది అజ్ఞానమూ కాదు, ఆకలీ కాదు. బరువు! బీకాం చదివి, కువైట్‌లోని రుమైథియాలో ఒక ఇంటి కారు పదహారేళ్లుగా నడుపుతున్న నాకు ఈ సత్యం మొన్నటి చలికాలం దాకా తెలియలేదు. తెలియజెప్పినవాడు మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని గారి రెండో అబ్బాయి బదర్.

నవంబరు దాటితే కువైట్ జనం ఎడారిలో డేరాలు వేస్తారని మీకు తెలుసు. మా ఇంటి డేరా అంటే తివాచీలు, సోఫాలు, టీవీ, జనరేటరు! అదంతా చూసి బదర్‌కు విరక్తి పుట్టింది. ఏదో వీడియోలో ఒకాయన మంచుకొండల మధ్య చిన్న గుడారం వేసుకుని, తాను రేకుతో చేసుకున్న కట్టెల పొయ్యి ముందు కూర్చుని కాఫీ తాగుతున్నాడట. సామానంతా వీపు మీది సంచిలోనే!

"గంగాధర్, ఇకమీద అంతా ఖఫీఫ్!" అన్నాడు. ఖఫీఫ్ అంటే తేలిక.

ఎంత గొప్ప ఆశయం! ఆ రోజు నుంచి ఇంట్లో త్రాసుకు విశ్రాంతి లేదు. టూత్‌బ్రష్ పిడి సగానికి కోశాడు. చొక్కా లోపలి లేబుల్ కత్తిరించాడు. చెంచాకు చిల్లులు పొడిచి తొమ్మిది గ్రాములకు దించాడు. దాంతో చారు తాగలేం, నిజమే. కానీ చారు మాత్రం బరువు కాదా?

పొయ్యి చేసే పని సబ్హాన్‌లో ఏసీ డక్టులు చేసే మా రాయచోటి బుడేన్ సాహెబ్‌కు అప్పగించాడు. మొదటి పొయ్యి నెయ్యి డబ్బాతో చేశాడు, బదర్ బరువన్నాడు. రెండోది బరువన్నాడు. అయిదోది కాగితమంత రేకుతో, చుట్టచుట్టే పొగగొట్టంతో, మూడువందల పది గ్రాములకు తేలింది.

"సన్నగా సెయ్, సన్నగా సెయ్ అని పానం తీసినాడన్నా. దీనికన్నా సిగిరెట్టు బాగా మండుతాది," అన్నాడు బుడేన్ సాహెబ్.

ఇనుము మలిచే చేతులకు ఇంత సున్నితమైన కళ నేర్పడం ఉపకారం కాదా? నేర్చుకున్నవాడికి తెలియకపోతే అది బదర్ తప్పా?

పొయ్యిని పరీక్షించే ముహూర్తం శుక్రవారం పడింది. నాకు నెలకొక్క శుక్రవారం సెలవు. ఆ శుక్రవారమే మా ఆవిడ తిథి. ఇక్కడ పురోహితుడూ, పిండాలూ నా వల్ల కావు. పొద్దు వాలకముందు నలుగురిని కూర్చోబెట్టి అన్నం పెడతాను, అంతే. ఏడేళ్లుగా ఒక్క ఏడూ తప్పలేదు. ఆ మాటే బదర్‌కు చెప్పాను.

"అక్కడే పెట్టు, మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదు! నా సామాను నాలుగు కిలోలే కదా," అన్నాడు.

నాలుగు కిలోలకు డ్రైవరెందుకని అడుగుతారు మీరు. మీకు శాస్త్రం తెలియదు! సంచి తేలికవ్వాలంటే కారు బరువెక్కాలి. మేం వెళ్లే కబ్ద్ ఎడారి ఇసుకలో పుల్ల కూడా దొరకదు కాబట్టి కట్టెలు మూడు బస్తాలు. నీళ్ల క్యాన్లు ఆరు. బిడ్డకు చలేస్తుందని మామా, అంటే ఇంటి యజమానురాలు, రహస్యంగా పెట్టించిన పరుపు. పొయ్యి వెలగకపోతే వెలిగించడానికి గ్యాస్ పొయ్యి, సిలిండరుతో సహా. పొయ్యి వంకర పోతే సరిచేయడానికి బుడేన్ సాహెబ్.

బయల్దేరుతుంటే వంటింట్లో పనిచేసే సూరాయమ్మ అయిదు గిన్నెల స్టీలు క్యారియర్ తెచ్చి నా చేతికిచ్చింది. "అక్క తిథి మర్సిపోతాననుకుంటివా అన్నా? తెల్లార్తో లేసి సంగటి కెలికినా. ఊరిబిండి పైగిన్నెలో ఉండాది. సల్లారకముందే పెట్టు." నేను అడగనేలేదు. ఇలాంటి మనుషులుండగా దేవుణ్ణి ఇంకేం అడుగుతాం!

కబ్ద్‌లో బుడేన్ సాహెబ్ జుమా నమాజు ముగించుకుని వచ్చాక డేరా వేశాం. డేరా తొమ్మిదివందల నలభై గ్రాములు. గూటాలు ఒక్కోటి ఎనిమిది గ్రాములు. అవి ఇసుకలో అగరొత్తుల్లా నిలబడ్డాయి. గాలి వీచింది. డేరా మమ్మల్ని వదిలి వెళ్లిపోదామని చూసింది.

బదర్ చదువుకున్నవాడు. క్షణంలో ఉపాయం చెప్పాడు. ఒక మూల కారు చక్రానికి కట్టాడు. రెండో మూల మీద నన్ను, మూడో మూల మీద బుడేన్ సాహెబ్‌ను కూర్చోబెట్టాడు. నాలుగో మూల మీద నా క్యారియర్ పెట్టాడు.

చూశారా! ఎనభై ఒక్క కిలోల నా దేహానికి ఇన్నేళ్లలో ఒక్కడైనా ఇంత గౌరవం ఇచ్చాడా?

లోపల బదర్ పొయ్యి వెలిగించాడు.

"నీళ్లు కాగినాయా సారూ?" అని కేకేశాడు బుడేన్ సాహెబ్.

"ఇంకో పది నిమిషాలు!"

ఆ పది నిమిషాలు గంటసేపు నడిచాయి. సూర్యుడు మాత్రం ఆగలేదు. నీడ నా చెప్పు దాటి జరుగుతోంది. క్యారియర్ ఎత్తితే డేరా లేస్తుంది. ఎత్తకపోతే తిథి దాటుతుంది. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ నన్ను లేవనిచ్చేది కాదు, "కూసోండి, నేను పెడ్తా" అనేది. ఆ రోజు పెట్టాల్సింది నేనే.

లేచాను. క్యారియర్ ఎత్తాను.

బుడేన్ సాహెబ్ కూడా తన మూల వదిలి వచ్చి, బిస్మిల్లా అని సంగటి ముద్ద అందుకున్నాడు. ఊరిబిండి పచ్చడి వాసన డేరాలోకి వెళ్లింది, బదర్ డేరాలోంచి వచ్చాడు. "ఇదేమిటి? నాకూ కొంచెం వెయ్," అని కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు. చిల్లుల చెంచాతో కాదు, చేత్తో.

అప్పుడు డేరా లేచింది. పొయ్యిని కడుపులో పెట్టుకుని, చక్రానికి కట్టిన తాడు తెంపుకుని, హుందాగా తూర్పుకు వెళ్లిపోయింది. పొయ్యి ఎప్పుడో ఆరిపోయి ఉంది కాబట్టి ఏమీ కాలలేదు. అంటుకోని పొయ్యిలో ఉన్న క్షేమం అంటుకునే పొయ్యిలో ఉందా, చెప్పండి!

కాసేపటికి దాన్ని ఈడ్చుకుంటూ ఒకాయన వచ్చాడు. ఆ పక్క దొడ్లో ఒంటెలు కాసే పుల్లయ్యట, పులివెందుల వైపు మనిషి.

"ఎవుర్దబ్బా ఈ గుడ్డ? మా ఒంటె నమలబట్టె."

"మాదే. అన్నం తిన్నావా?"

"యాడిదీ!"

అడుగు గిన్నెలో సంగటి మిగిలి ఉంది. ఆయన చేతులు కడుక్కుని కూర్చున్నాడు. నాతో కలిపితే నలుగురం! ఎడారిలో నాలుగో మనిషిని గాలి వెతికి తెచ్చింది. మూడు కిలోల డేరా అయితే కదిలేదా?

ఆ సాయంత్రం బదర్ తన ప్రయాణం ఫోటోలు నెట్‌లో పెట్టి, కింద సామాను పట్టిక రాశాడు. డేరా, 940 గ్రాములు. పొయ్యి, 310. చెంచా, 9. చివర్న నా పేరు కూడా రాసినందుకు నా కళ్లు చెమర్చాయి. 'గంగాధర్, 0 గ్రాములు.' సొంత వీపు మీద మోయనిదేదీ లెక్కలోకి రాదని ఆ శాస్త్రంలో నియమమట. మూడువేల మంది మెచ్చుకున్నారు.

బీపీ డాక్టరు రెండేళ్లుగా ఎనిమిది కిలోలు తగ్గమని మొత్తుకుంటున్నాడు. నావల్ల కాలేదు. ఈ కుర్రాడు ఒక్క రోజులో ఎనభై ఒక్కటీ తగ్గించాడు! వచ్చే శుక్రవారం మళ్లీ వెళ్దామన్నాడు. ఈ వారం పోయిన సెలవు మాట ఎత్తబోయి నేనే ఆగిపోయాను. సున్నా గ్రాములవాడికి శుక్రవారం ఏం చేసుకోవడానికి చెప్పండి?