మా అద్దకం వీధి సినిమాలో నా వేషం

మా ఆవిడ పెళ్ళి వీడియోల స్టూడియోలో ఎడిటింగ్ చేసేది. పొద్దంతా సాగిన పెళ్ళిని ముప్పావుగంటకు దింపి, అలిగిన తోడల్లుడు కూడా మురిసిపోతున్నట్టు చూపించగల మనిషి. ఇంట్లో నా మాటలకూ అదే కత్తెర.

మాది అద్దకం వీధి. ఇంటింటికీ రంగుతొట్టి, గుమ్మాల ముందు ఆరేసిన నూలు, మోచేతుల దాకా రంగెక్కిన మనుషులు. ఒకసారి టీవీవాళ్ళు వచ్చి మా మురుగుకాలువను మాత్రం అన్ని వైపుల నుంచీ చూపించి వెళ్ళారు. ఆ మర్నాటి నుంచి బళ్ళో మా పిల్లలకు ‘కాలువ బ్యాచి’ అని పేరు పడింది. పిల్లలు చేతులు జేబుల్లో దాచుకోవడం మొదలుపెట్టారు.

మా ఆవిడ వాళ్ళను మా ముందుగదిలో కూర్చోబెట్టింది.

"టీవీవాళ్ళు తీసింది నచ్చకపోతే మీరు తీయండి. నేను నేర్పుతాను."

ఫోను వణక్కుండా పట్టుకోవడం, దూరం నుంచి జూమ్ లాగకుండా దగ్గరికి నడిచి వెళ్ళడం, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే నోరు మూసుకోవడం నేర్పింది. ఆ చివరి పాఠానికి నన్నూ రమ్మంది. నాకు పనుందన్నాను.

పక్కింటి అమ్మాయి కెమెరా పట్టింది. షాటు తీసేటప్పుడు గాలి పీల్చేది కాదు కనక ఆమెకు ‘ఊపిరాపు’ అని పేరు పెట్టాను. సినిమాను బడి వార్షికోత్సవంలో ఊరందరి ముందూ వేస్తామని హెడ్మాస్టరుగారు మాటిచ్చారు. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నేను అద్దకం సంఘానికి అధ్యక్షుణ్ణి. ఇంకెవరూ నిలబడనందువల్ల ఏకగ్రీవంగా గెలిచాను.

"నా ఉపన్యాసం ఎక్కడ వస్తుంది?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"రాదు."

"చివర్లోనా?"

"చివర్లోనూ రాదు. పని చేసేవాళ్ళే కనిపిస్తారు."

"నేనూ చేస్తానుగా."

"అందుకే అప్పుడప్పుడూ కనిపిస్తారు."

ఆ ‘అప్పుడప్పుడూ’ నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఆవిడకు తెలియకుండా ఇల్లిల్లూ తిరిగాను. "రేపు షూటింగు. తీగల మీద నూలు తీసేయండి. కాలువ మీద చాపలు పరవండి. చేతులు బాగా తోముకుని, పెళ్ళిబట్టల్లో రండి."

తెల్లారేసరికి వీధి వీధంతా గ్రూపు ఫోటోకి నిలబడ్డట్టు బారుగా నిలబడింది. తోమి తోమి అందరి చేతులూ ఎర్రబడ్డాయి గానీ నీలం మాత్రం పోలేదు. మా పెద్దత్త చాప కింద నేల ఉందనుకుని అడుగేసి, మోకాలి దాకా కాలువలో దిగింది.

పిల్లలు వచ్చి ఆగిపోయారు. "అత్తా, మన వీధి ఏదీ?" అంది ఊపిరాపు.

మా ఆవిడ నా తెల్లచొక్కా వంక చూసింది. "ఏమండీ, ఇది మీ పనేనా?"

"అందంగా ఉంటుందని..."

ఆవిడ పిల్లల వైపు తిరిగింది. "ఉన్నది తీయండి. నేను చెప్పేదాకా ఆపకండి."

గెలిచాననుకున్నాను. గొంతు సవరించుకుని ఉపన్యాసం అందుకున్నాను. మా ముత్తాతల దగ్గర మొదలుపెట్టి ఇంకా తాతల దాకా రాలేదు, పెద్దత్త ఉలిక్కిపడింది.

"ఒరే, తొట్లో నూలు వేసి వచ్చానురా."

నీలిమందులో వేసిన నూలును తిప్పకుండా వదిలేస్తే మచ్చలు పడతాయి. అందరికీ ఎవరి తొట్టి వాళ్ళకు గుర్తొచ్చింది. బారు చెదిరిపోయింది. పట్టుచీరలు పరిగెత్తాయి, ఇస్త్రీ చొక్కాలు పరిగెత్తాయి. నేను ఉపన్యాసం కాగితాలు ఎక్కడ పారేశానో తెలియదు. పెద్దత్త తొట్లోకి భుజాల దాకా చేతులు పెట్టి, "అటు చివర పట్టుకో అత్తా, తిప్పు, ఇంకా తిప్పు," అని అరుస్తున్నాను. నా వెనక ఊపిరాపు ఎప్పుడు చేరిందో చూడనే లేదు.

వార్షికోత్సవం రోజు నేను మొదటి వరసలో కూర్చున్నాను. తెర మీద ముందు మా బారు వచ్చింది. హాలంతా నవ్వింది. పెద్దత్త కాలువలో దిగింది, ఇంకా నవ్వింది. తర్వాత నేను వచ్చాను. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. దాని బదులు తడినూలు నుంచి బొట్లు కారే చప్పుడు పెట్టారు. నా పక్కనున్న హెడ్మాస్టరుగారు రుమాలు నోట్లో కుక్కుకున్నారు.

అప్పుడు బారు చెదిరింది. పెళ్ళిబట్టల మీద రంగు చిందుతుంటే హాలు నిశ్శబ్దమైపోయింది. తొట్లోంచి పైకెత్తిన నూలు ముందు ఆకుపచ్చగా ఉంది. ఊపిరాపు కెమెరా కదపలేదు. గాలి తగిలేకొద్దీ ఆ పచ్చ, అందరూ చూస్తుండగానే, నీలంగా మారింది. పుట్టినప్పటి నుంచీ రోజూ చూస్తున్నవాణ్ణి, నేనే కుర్చీ అంచుకు జరిగి చూశాను.

చివర్లో కాలువను కూడా చూపించారు. చాపలు తీసేసి మరీ చూపించారు. "ఈ రంగునీళ్ళు మావే," అంది ఊపిరాపు గొంతు. "శుభ్రం చేసి వదలాలని మాకూ ఉంది. దానికో తొట్టి కట్టించమని అడుగుతున్నాం. అది అడగడానికే ఈ సినిమా తీశాం."

బయట పిల్లలు ఊపిరాపు చుట్టూ మూగారు. "పచ్చది నీలం ఎలా అయింది?" అని ఒకడు అడిగాడు. ఆమె జేబుల్లోంచి రెండు చేతులూ తీసి, విప్పి చూపిస్తూ చెప్పసాగింది.

దారిలో మా ఆవిణ్ణి అడిగాను. "నా ఉపన్యాసం?"

"బాగా చేశారు. పెదాలు చక్కగా కదిలాయి."

"ఎన్ని రాత్రులు కూర్చుని రాశానో తెలుసా?"

"తెలుసు. మీకు మాత్రం తొట్టి దగ్గర ఎంత బాగున్నారో తెలియదు. ఆ ముక్క ఒక్క చోట కూడా కత్తిరించలేకపోయాను."



ఆ తర్వాతి ఆదివారం మా ముందుగదిలో పిల్లల వెనక, చాప చివర, అధ్యక్షులవారు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఊపిరాపు నా చేతికి ఫోనిచ్చింది.

"ఏం తీయాలమ్మా?"

"మీకు చూడబుద్ధయ్యేది తీయండి మామయ్యా."

కిటికీ దగ్గర మా ఆవిడ తల వంచుకుని ఏదో ఎడిటింగ్ చేసుకుంటోంది. మెల్లగా ఫోను అటు తిప్పాను. ఆవిడ తలెత్తకుండానే అంది:

"అటు నుంచి నా మొహం చీకటిగా వస్తుంది. ఇటు రండి."

అటే వెళ్ళాను.