కడగని బాన మహిమ

వైను చేసేవాడు బద్ధకస్తుడై ఉండాలి. ఒళ్లు వంచి పనిచేసేవాడు ఆ విద్యకి పనికిరాడు, పైగా ఊరికి చేటు! నమ్మరా? అయితే మా ద్రాక్షతోటల సీమ కాఖేతీలో జుంబర్ సంగతి వినండి.

పాపం, జుంబర్‌కి ఈ జ్ఞానం అరవయ్యేళ్లు దాటాక గానీ కలగలేదు. అప్పటిదాకా ఏం చేసేవాడు? మెడదాకా భూమిలో పాతిన బానలోకి ఏటా నిచ్చెన వేసుకుని దిగేవాడు. చెర్రీ బెరడు చీపురుతో గోడలు తోమేవాడు. కడిగిన నీళ్లు తాగడానికి పనికొచ్చేదాకా బాన శుభ్రపడినట్టు కాదని వాళ్ల నాన్న పెట్టిన రూలు! అలాంటి బానలో పులిసిన వైను తేనెరంగులో తేటగా ఉండేది. ఎవరిక్కావాలండీ ఆ తేట?

నిరుడు నడుం పట్టేసింది. ఉన్న రెండు బానల్లో ఒకటే తోమగలిగాడు. ద్రాక్ష మిగిలిపోయింది గదా అని, పారబొయ్యడానికి మనసొప్పక కడగని బానలో పడేశాడు.

వసంతంలో మూత తీస్తే పెళ్లాం ఏతేరి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఏమయ్యా, ఇందులో గొర్రెగానీ పడి చచ్చిందా?"

ఓ ఈగ అందులో పడి, ఎలాగో బతికి బయటపడి, తిన్నగా వాగుకెళ్లి స్నానం చేసిందట. నేను చూడలేదు. కానీ మా ఊరి ఈగలు అబద్ధాలాడవు.

సరిగ్గా అప్పుడే కోపెన్‌హాగన్ నుంచి మాడ్స్ అనే వైను వ్యాపారి దిగాడు. అక్కడ ఇప్పటి ట్రెండేమిటో తెలుసా? వైను మనిషి చెయ్యి తగలకుండా దానంతటదే పుట్టాలి! మడ్డిగా ఉండాలి! కాస్త కంపు కొడితే మరీ శ్రేష్ఠం!

తేట వైను రుచి చూసి మాడ్స్ పెదవి విరిచాడు. "బావుంది జుంబర్ గారూ, మరీ బావుంది. అదే దీని లోపం."

రెండో బానలోది పుక్కిలించాడు, ఉమ్మేశాడు, భక్తితో కళ్లు మూసుకున్నాడు. "తడిసిన గొర్రె! పాత జీను! పశువుల పాక! ఆహా, దీనికి మీరేం చేశారండీ?"

"ఏమీ చెయ్యలేదు నాయనా," అన్నాడు జుంబర్ సిగ్గుతో చచ్చిపోతూ.

"అదే! అదే కళ!"

సగం బాన అక్కడికక్కడే కొనేశాడు. జుంబర్ ఫోటోతో లేబులు కూడా వేయించాడు!

చూశారా ఎంత మేలో? మడ్డి సముద్రాలు దాటింది, తేట ఇంట్లో మిగిలింది. శరదృతువులో కూతురు లమారా పెళ్లి. సొంత వైనుతో మెప్పించలేని తండ్రి మా వైపు తలెత్తుకు తిరగలేడు. జుంబర్ తేట బాన మూతకి మట్టి మెత్తి, పెళ్లికని దాచాడు.

"వియ్యంకుడు ఒక్క గుటక వేసి నా వంక చూడాలే ఏతేరీ. నాకంతే చాలు."

పెళ్లినాడు బాన తెరిచారు. రాజధాని త్బిలిసీ నుంచి వచ్చిన వియ్యంకుడు తెంగిజ్ వాసన చూశాడు, గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇదేంటి బావగారూ, ఫ్యాక్టరీ సరుకులా ఇంత తేటగా ఉంది? కోపెన్‌హాగన్ వాళ్లకి మంచిదిచ్చి మాకిది పోస్తారా?"

విందు బల్ల దగ్గర నవ్వులాగిపోయాయి. పెళ్లికూతురు తలొంచుకుంది.

"ఆ దిక్కుమాలినదే తెచ్చి పొయ్యవయ్యా," అంది ఏతేరి మొగుడి చెవిలో. "పిల్ల మొహం చూడు."

మిగిలిన సగం బాన మడ్డి వచ్చింది. తాగిన వాళ్లందరికీ కళ్లనీళ్లు తిరిగాయి. ఆనందబాష్పాలట! తేట వైను డోలు వాయించేవాళ్ల వైపు పోయింది. వాళ్లు ట్రెండెరగని జనం, కిక్కురుమనకుండా తాగి ఇంకో కూజా అడిగారు.

విందు నడిపే పెద్దాయన గ్లాసెత్తి లేచాడు. ఆయన దీవెన మాట అయ్యాక పెళ్లికూతురి తండ్రి గ్లాసులో చుక్క మిగిల్చినా పిల్లకి అశుభం.

"ఈ వైనుని చెయ్యి తగలకుండా చేసిన జుంబర్‌కి జయం!"

జుంబర్ అడుగు కనబడేదాకా తాగాడు. తెంగిజ్ వచ్చి గట్టిగా కావలించుకున్నాడు.

"మా అబ్బాయికి కూడా ఈ విద్య నేర్పాలి బావగారూ."

"ఏం నేర్పనండీ?"

"అదే, ఏమీ చెయ్యకపోవడం!"

బల్లంతా చప్పట్లు కొట్టింది. జుంబర్ కాయలు కాసిన చేతులు వెనక్కి పెట్టుకుని నవ్వాడు. కూతురి పెళ్లి కదండీ, నవ్వాలి మరి!