ఢిల్లీకి రెండు సంచులు

ఇంట్లోవాళ్లు పక్కన లేనప్పుడు కలిగిన సంతోషం లెక్కలోకి వస్తుందా రాదా అన్న సందేహం కమలాకుమారికి చాలా ఏళ్లుగా ఉంది. ఆఫీసులో ఎవరైనా రిటైరయి మైసూర్‌పాకు పంచితే, ఆవిడ దాన్ని కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేది. ఇంటికి తెచ్చి భర్త శేషగిరికీ పిల్లలకీ పంచాక, కాగితానికి అంటిన పొడి నోట్లో వేసుకుని బాగుందనేది. పురాణం చెప్పే శాస్త్రిగారిని ఒకసారి ఈ సంగతి అడిగింది కూడా. ఒంటరిగా తినడం పాపమని ఆయన వెంటనే చెప్పారు. ఒంటరిగా సంతోషపడితే ఏమవుతుందంటే మాత్రం, పుస్తకం మూసి మంగళహారతి ఇచ్చేశారు.

అలాంటి మనిషి, గుంటూరు మిర్చి పరీక్షా కేంద్రంలో చేరి జుట్టు నెరిశాక, మొదటిసారి ఒక్కతే ఆఫీసు పని మీద ఢిల్లీ వచ్చింది. పని చిన్నదే కానీ దాని వెనకున్నది పెద్దది. దేశంలో ఉన్న మిర్చి పరీక్షా కేంద్రాల్లో ఒకదాన్నే ఉంచి, మిగతావాటిని అందులో కలిపేస్తారట. అది ఏదో ఢిల్లీ కమిటీ తేలుస్తుంది. కేంద్రం పోతే గుంటూరు సిబ్బంది అంతా భాష తెలియని ఊరికి మూటాముల్లె సర్దుకోవలసిందే. ప్రతి కేంద్రం నుంచీ ఒక ప్రతినిధి కారం నమూనా పట్టుకుని రావాలన్నారు. వెళ్లవలసిన అధికారికి నడుం పట్టేసింది. అందరూ కమలాకుమారి వైపు చూశారు. ఎవరు చూసినా కాదనలేకపోవడం ఆవిడకు ఉద్యోగంతోపాటు వచ్చిన అలవాటు.

శేషగిరి మూడురోజులు బెంగపడి, రైల్లో ఎవరితోనూ మాట్లాడవద్దనీ, ఎవరినీ అడగకుండా ఎక్కడికీ వెళ్లవద్దనీ చెప్పి పంపాడు. ఈ రెండూ ఒకేసారి ఎలా పాటించాలో ఆవిడకు అర్థం కాలేదు.

ఢిల్లీలో బస సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో, ఉమ ఇంట్లో. ఉమ, గుంటూరు కేంద్రంలో ప్యాకింగు చూసే చిట్టిబాబుకు అక్క. ఢిల్లీ వెళ్లేవాళ్ల చేత అక్కకు ఏదో ఒకటి పంపడం చిట్టిబాబుకు ఆనవాయితీ. ఈసారి వెల్లుల్లి వేసిన ఇడ్లీ కారం పంపాడు. అయితే చిట్టిబాబు జీవితమంతా నమూనాలు కట్టిన మనిషి. ఏ వస్తువునైనా తెల్లగుడ్డ సంచిలో పోసి, నోరు కుట్టి, ఎర్రలక్క కరిగించి ముద్ర వేస్తేగాని అతనికి తృప్తి ఉండదు. పరీక్షించేవాళ్లకు ఊరు తెలియకూడదని నమూనాల మీద పేరు రాయరు, నంబరు వేస్తారు. ఆ అలవాటు కొద్దీ అక్కకు పంపిన సంచి మీద కూడా నంబరే వేశాడు.

ఆ ఫిబ్రవరి ఉదయం కమలాకుమారి పథకం చక్కగానే ఉంది. పదింటికి ప్రధాన కార్యాలయంలో నమూనా ఇవ్వాలి. మూడింటికి మీటింగు. మధ్యలో నీడపట్టున కూర్చుని శేషగిరికి ఫోను చేయాలి. స్నానం చేసి, స్తోత్రం చదువుకుని, బల్ల మీదున్న సంచి తీసుకుని బయలుదేరింది. రాత్రి రాగానే రెండో సంచి తాను ఉమ చేతికే ఇచ్చింది కాబట్టి ఇంకేం చూసుకోలేదు.

కార్యాలయంలో నమూనాలు తీసుకునే అమ్మాయి పేరు చాందిని. రిజిస్టరులో నంబరు రాసుకుని, నియమం ప్రకారం సంచి మూల కొంచెం విప్పి వాసన చూసింది. మళ్లీ చూసింది. తర్వాత పక్క కుర్చీలో ఉన్నాయనను పిలిచి చూపించింది. ఆయన వేలు అద్ది నాలిక మీద వేసుకుని, చాలా బాగుందన్నాడు.

"దీదీ," అంది చాందిని మెల్లగా, "మిర్చిలో లహసున్ ఎందుకు?"

లహసున్ అంటే వెల్లుల్లి. సంచులు తారుమారయ్యాయని కమలాకుమారికి అప్పుడు తెలిసింది. వరండాలోకి వెళ్లి ఉమకు ఫోను చేసింది. ఉమ గొంతు సంతోషంగా పలికింది. తమ్ముడు ఈసారి ఎంత మంచి పని చేశాడో చెప్పడం మొదలుపెట్టింది. ఢిల్లీ కారానికి రంగే తప్ప ఘాటుండదని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటుంటే, ఇప్పటికి అసలైన గుంటూరు కారం పంపాడట. పొద్దున్నే విప్పి చూసి, ద్వారకలో ఉండే మాణిక్యాంబగారికి ఉసిరికాయ పచ్చడి కోసం మొత్తం సంచి పంపించేసిందట. ఉమ భర్త ఆఫీసు అటువైపే కాబట్టి స్కూటరు మీద తీసుకెళ్లి ఇచ్చేశాడట.

"ఉమా, అది ప్రభుత్వం వారి కారం," అంది కమలాకుమారి.

"హాయ్ రామ్," అంది ఉమ. "మీరు మెట్రో ఎక్కండి కమలక్కా. నేను ఆంటీకి ఫోన్ చేసి కలపొద్దని చెప్తాను."

ఉమ ఫోను చేసిన మాట నిజమే. కానీ ఎక్కడ తప్పు తన మీదికి వస్తుందోనన్న భయంతో సంగతి పూర్తిగా చెప్పలేదు. ఆ కారం విషయమై గవర్నమెంటు ఆఫీసు నుంచి ఒక మేడమ్ బయలుదేరింది, పచ్చడి పని ఆపేయమని మాత్రం చెప్పి పెట్టేసింది. మాణిక్యాంబ ద్వారకలో అయిదారు హౌసింగ్ సొసైటీలకు పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. లైసెన్సు లేదు. అడిగినవాళ్లూ లేరు.

ఈ సంగతులేవీ తెలియని కమలాకుమారి జీవితంలో మొదటిసారి మెట్రో ఎక్కింది. మొదట భూమి లోపల చీకట్లో పోయిన రైలు ఒక్కసారిగా పైకి లేచి వెలుతురులోకి వచ్చింది. డాబాల మీద ఆరేసిన రజాయి దుప్పట్లు, ఎండలో తల దువ్వుకుంటున్న ఆడవాళ్లు, ఒక మేడ మీద అప్పడాలకు కాపలా కూర్చున్న ముసలాయన. కమలాకుమారి కిటికీకి అతుక్కుపోయింది. నెత్తిన పిడుగు పడ్డవేళ ఇంత హాయిగా ఉండడమేమిటని తనను తానే కోప్పడింది. హాయి తగ్గలేదు. ఆ హడావుడిలో దిగవలసిన సెక్టారు స్టేషను దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చింది.

దారిలో దేవుణ్ణి తలుచుకుని, నమూనా దక్కేట్టు చూడు స్వామీ అనబోయి ఆగిపోయింది. ఉద్యోగం వచ్చినప్పుడు ఆవిడ వేంకటేశ్వరస్వామికి ఒక మాట ఇచ్చింది. ఒక్కసారైనా నీ దగ్గరికి వచ్చి, ఏమీ అడగకుండా దణ్ణం పెట్టుకుని వెళ్తానని. చాలాసార్లే వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ పక్కనున్నవాళ్లను చూడగానే ఏదో ఒకటి నోటికి వచ్చేసేది. అబ్బాయి లెక్కల మార్కులు, ఆయన రక్తపోటు, అత్తగారి కీళ్లు. ఆ మొక్కు అలాగే ఉండిపోయింది. పాతది బాకీ ఉండగా కొత్తది అడగడానికి మొహం చెల్లక, ఊరికే స్టేషన్ల పేర్లు చదువుకుంటూ కూర్చుంది.

మాణిక్యాంబ తలుపు జానెడు తెరిచింది. డెబ్బై ఏళ్లావిడ. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఇంట్లోంచి ఇంగువ పోపు వాసన మెట్ల దాకా వచ్చింది.

"పచ్చడి గురించి వచ్చానండీ," అంది కమలాకుమారి.

"ఏ పచ్చడి? మేం పచ్చళ్లు తినం. డాక్టరు వద్దన్నాడు."

"మరి చేతులు..."

"గోరింటాకు."

"మోచేతుల దాకానా అండీ?"

"మా పుట్టింటివైపు అలాగే పెట్టుకుంటాం," అంది మాణిక్యాంబ రెప్ప వేయకుండా.

ఇంతలో ఎదురింటి పంజాబీ ఆవిడ తలుపు తీసి, తన ఫ్రిజ్‌లో ఇక చోటు లేదనీ, మిగిలిన జాడీలు పైఅంతస్తుకు పంపమనీ హిందీలో గట్టిగా చెప్పింది. మాణిక్యాంబ కళ్లు మూసుకుంది. కమలాకుమారికి అప్పుడు విషయం అర్థమైంది. తాను తనిఖీకి రాలేదనీ, దొంగతనంగా పోయిన వస్తువును వెతుక్కుంటూ వచ్చిన మనిషి కన్నా అధ్వాన్నమైన స్థితిలో ఉన్నాననీ, గుమ్మంలోనే కథంతా చెప్పింది.

విని మాణిక్యాంబ గోడకు చేరగిలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకోబోతే, ఆ చేతులతో వద్దండీ అని కమలాకుమారే ఆపింది. కానీ కారం లేదు. అధికారి వస్తోందని కంగారుపడి, సాక్ష్యం మిగలకుండా సంచి మొత్తం ఉసిరికాయల్లో గుమ్మరించేసిందట.

"ఇంత దూరం వచ్చావు, అన్నం తినకుండా పంపను అమ్మాయ్," అంది. "నీ ప్రభుత్వం కారమేగా, నువ్వే రుచి చూడు."

వేడన్నంలో నెయ్యి, కొత్త పచ్చడి. కేంద్రంలో ఇన్నేళ్లు కారాన్ని తూచి, జల్లించి, గాజుగొట్టాల్లో పోసిన కమలాకుమారి, అన్నంలో కలుపుకుని ఇంత నెమ్మదిగా ఎప్పుడూ తినలేదు. ఇంట్లో ఆవిడ తినే వేళకు ఎవరో ఒకరు మజ్జిగ అడిగేవారు. ఇక్కడ ఎవరూ అడగలేదు. వచ్చేటప్పుడు మాణిక్యాంబ ఒక చిన్న జాడీ కట్టి ఇచ్చింది.

తిరిగి వచ్చేసరికి మీటింగుకు ఇంకా కాస్త వ్యవధి ఉంది. ఇక పరుగెత్తి సాధించేది ఏమీ లేదు. కార్యాలయం ఎదుట పచ్చికలో గుమాస్తాలు స్వెట్టర్లు విప్పి, పల్లీలు ఒలుచుకుంటూ ఎండ కాగుతున్నారు. బండివాడు బొగ్గుల మీద కాల్చిన చిలగడదుంప కోసి, నిమ్మకాయ పిండి ఆకుదొన్నెలో పెట్టి ఇచ్చాడు. కమలాకుమారి అలవాటు ప్రకారం సగం కాగితంలో చుట్టబోయింది. గుంటూరు చేరేసరికి ఇది ఎవరికీ పనికిరాదని తోచింది. వీపుకు ఎండ తగులుతుంటే చివరి ముక్క దాకా తానే తినేసింది. పాపం చేసినట్టు అనిపిస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది కూడా. అనిపించలేదు.

మూడింటికి గదిలోకి వెళ్లింది. కమిటీ అధ్యక్షుడు సదాశివరావు, వరంగల్ మనిషి, బల్లకు అవతల కూర్చుని ఉన్నాడు. పక్కన ఇద్దరు సభ్యులు. ప్రతినిధుల కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. కమలాకుమారి జాడీ బల్ల మీద పెట్టి నిలబడే మాట్లాడింది. ఎవరి పేరూ పైకి రానివ్వలేదు.

"నమూనా ఇందులో ఉందండీ. ఉసిరికాయల్లో కలిసిపోయింది. సంచి నా చేతిలోది, చూసుకోకపోవడం నా తప్పు. మా కేంద్రం తప్పు కాదు. దాన్ని మూసేయకండి."

సదాశివరావు జాడీని చూశాడు, ఆవిడను చూశాడు.

"కూసోండమ్మా. మీ ఎంబడి ఎవరొచ్చిన్రు?"

"ఎవరూ రాలేదండీ. ఒక్కదాన్నే."

ఆయన సభ్యుల వైపు తిరిగి, నేను చెప్పలేదా అన్నట్టు తల ఊపాడు. అప్పుడు బయటపడింది అసలు విషయం. మిగతా కేంద్రాల ప్రతినిధులందరూ ఢిల్లీ వచ్చారు. నమూనాలు కూడా పొద్దున్నే ఇచ్చేశారు. కాకపోతే అందరూ భార్యాబిడ్డలతో, బావమరుదులతో వచ్చారు. మూడింటికల్లా వచ్చేద్దామని, తెల్లవారుజామునే ఒకే బస్సు మాట్లాడుకుని, నమూనాలు డ్రైవరు తమ్ముడి చేత ఇక్కడ ఇప్పించి, తాజ్‌మహల్‌కు పోయారు. బస్సు మథుర దగ్గర ఆగిపోయిందని ఇప్పుడే ఫోను వచ్చింది. ప్రతినిధి హాజరు కాని కేంద్రాన్ని పరిశీలనకు తీసుకోరాదని నియమం. ఆ నియమం పెట్టినవాళ్లకు ఇలాంటి రోజు వస్తుందని తెలిసి ఉండదు.

"మరి నమూనా?" అంది కమలాకుమారి, నమ్మలేక.

"నమూనా పోస్టుల వస్తదమ్మా. మనిషి పోస్టుల రాడు గద," అని సదాశివరావు గుంటూరు ఫైలు మీద సంతకం పెట్టాడు. తర్వాత ఒక సభ్యుడు పరిశీలన నిమిత్తం జాడీ మూత తీశాడు. పరిశీలన చాలాసేపు సాగింది. మధ్యలో రెండుసార్లు రొట్టెలు తెప్పించారు.

సాయంత్రం ఆవిడ ఎవరినీ అడగకుండా, గోల్ మార్కెట్ దగ్గరున్న బాలాజీ గుడికి నడిచి వెళ్లింది. గుడిలో రద్దీ లేదు. పూజారి గోత్రం అడిగి, ఎవరి పేరున అర్చన చేయమంటారని అడిగాడు. ఎవరి పేరునా వద్దండీ అంది. ఆయన వింతగా చూసి, హారతి ఇచ్చి వెళ్లాడు. కమలాకుమారి చేతులు జోడించి నిలబడింది. మార్కులు, రక్తపోటు, కీళ్లు ఒక్కొక్కటే నాలిక చివరికి వచ్చాయి. పెదవులు గట్టిగా బిగించింది. అవి వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాయి. తర్వాత దీపం ఒక్కటే కనిపించింది. ఎన్నాళ్లుగానో మిగిలిపోయిన బాకీ అలా తీరిపోయింది.

మెట్లు దిగుతుంటే శేషగిరి ఫోను చేశాడు. కేంద్రం నిలిచిందని విని మురిసిపోయాడు. గుళ్లో తన బీపీ గురించి చెప్పావా అని అడిగాడు. లేదంది. పిల్లల గురించి? లేదంది.

"మరి అంతసేపూ లోపల నిలబడి ఏం చేశావే?"

లైను తెగిపోయింది. ఎవరు తెంచారో స్వామి చూశాడు గానీ, ఎవరికీ చెప్పలేదు.