హవల్దారు కూర్చుంటే

ఆ రోజు పొద్దున ఆఫీసరుగారి ముందున్న పని ఒక్కటే. పది గంటలకు వచ్చే మందుల కంపెనీ యజమానికి మర్యాదగా కాఫీ ఇచ్చి, కన్సల్టెంటుగా కుదరడం. కేంద్ర మాదకద్రవ్యాల నిరోధక శాఖలో ముప్ఫై రెండేళ్లు దొంగ సరుకు పట్టి, మూడు నెలల కిందట రిటైరయ్యారు. అప్పటినుంచి పట్టడానికి ఆయనకు వంటిల్లే మిగిలింది. తెల్లటి పొడి ఏది కనబడ్డా డబ్బాలో పోసి లక్క ముద్ర వేసేస్తారు. ఉప్పు డబ్బా తెరవాలంటే భార్యకు ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి.

"ఈ పని కుదరకపోతే నేను మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను. ఉప్పులేని కూర మీరే తినండి," అందావిడ.

తొమ్మిదిన్నరకు ఒక కారు వీధిలో మూడు చుట్లు తిరిగింది. వీధి చివర ఆగాక ఒకాయన సంచీతో దిగి, ప్రతి ఇంటి గోడా పరకాయించి చూస్తూ నడిచాడు. ఆఫీసరుగారు కర్టెను వెనక్కి చేరారు.

"మూడు చుట్లు. వీడెవడో తేడాగా ఉన్నాడు."

"ఇల్లు వెతుక్కుంటున్నాడేమోనండీ. స్మగ్లర్లకి తెలీకూడదని నంబరు పలక మీరే పీకేశారుగా."

ఆయన వింటేగా. తనతోపాటే రిటైరైన శాఖ కుక్క హవల్దారును వెంటబెట్టుకుని గేటు దాటారు. మత్తు సరుకు వాసన తగిలితే అది మొరగదు, కరవదు, కూర్చుంటుంది. సంచీ వాసన చూసింది, కూర్చుంది. ఆఫీసరుగారికి ప్రాణం లేచొచ్చింది.

వచ్చినాయన్ని వరండా కుర్చీలో కూర్చోబెట్టి, "పంచనామా అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడడానికి వీల్లేదు," అన్నారు. పక్కింటి దర్జీని ఒక సాక్షిగా, భార్యను రెండో సాక్షిగా నిలబెట్టారు. సంచీలోంచి మాత్రల అట్టలు తీసి, రాసి, ముద్ర వేసి, అప్పుడు తీరిగ్గా అడిగారు.

"ఇప్పుడు చెప్పు. ఏం చేస్తుంటావు?"

"మందుల కంపెనీ నాదేనండీ. మా గోడౌన్లో మత్తు కలిసిన ఈ నొప్పి మాత్రలే మాయమవుతున్నాయి. మీకు చూపిద్దామని తెచ్చాను. కాస్త ముందొచ్చాను, నాదే తప్పు."

లక్క పుల్ల ఆఫీసరుగారి చేతిలోనే ఆగిపోయింది. సిగ్గుతో ఆయన తలెత్తలేకపోయారు. ఆవిడ అక్కకి ఫోన్ కలిపింది.

యజమాని కోపంగా లేచి డ్రైవరును పిలిచాడు. కారు గేటు దగ్గరికొచ్చింది. తలుపు తీయగానే హవల్దారు మెల్లగా వెళ్లి, డ్రైవరు పక్కసీట్లో ఉన్న క్యారేజీ వాసన చూసి అక్కడే కూర్చుంది.

"అన్నం వాసనకి కూర్చుందిలెండి," అన్నాడు డ్రైవరు.

ఈసారి ఆఫీసరుగారు లక్క పుల్ల జేబులో పెట్టేసుకున్నారు. ఆవిడే చెవి దగ్గర్నుంచి ఫోన్ తీసి, "అన్నానికైతే అది కూర్చోదు బాబూ, మీద పడుతుంది. రోజూ పెట్టేదాన్ని నేనే," అంది.

యజమాని క్యారేజీ విప్పాడు. పై గిన్నెలో అన్నం, కింది రెండింటి నిండా మాత్రల అట్టలు. డ్రైవరు రెండు చేతులూ జోడించాడు. ఆర్నెల్లుగా దొరకని దొంగ అరగంటలో దొరికేసరికి యజమాని కోపం సంగతే మరిచిపోయి పకపకా నవ్వాడు.

మధ్యాహ్నం ఆవిడ ఉప్పు డబ్బా ముద్ర పగలగొట్టింది, ఆఫీసరుగారు అడ్డు చెప్పలేదు. సాయంత్రానికి నియామక పత్రం వచ్చింది. కన్సల్టెంటు: హవల్దారు. సహాయకుడు: ఆఫీసరుగారు. ఆయన సంతోషంగానే సంతకం పెట్టారు.

కింద సాక్షి సంతకాలు ఆవిడా దర్జీ అడక్కుండానే పెట్టేశారు, వాళ్లకది అలవాటైపోయింది.