నలభై ఒక్క ఖాళీ వరుసలు

కీబోర్డు మీద మూడు మీటలు కలిపి నొక్కగానే కోడ్‌తో పాటు నొక్కిన మనిషి కూడా తిన్నగా సర్దుకోవడంలో వింతేముంది, రెండూ వంకరగా ఉన్నవే కదా అనుకుంటూ, యేసోబు సెట్టింగుల పేజీలో తన పేరుకెదురుగా ఖాళీగా ఉన్న గడిని చూస్తున్నాడు. ఏ మూడు మీటలు నొక్కితే సర్దుకోవాలో ప్రతి ఉద్యోగీ తనే నిర్ణయించుకోవాలని సర్క్యులర్. గడువు ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకు. నాలుగో అంతస్తులో గడి నింపకుండా మిగిలింది అతనొక్కడే.

మొదట్లో ఆ సర్దుబాటు కోడ్‌కే ఉండేది. ఎవరు ఎలా రాసినా మీటలు నొక్కితే వరుసలన్నీ సమానమైన ఎడంతో నిలబడేవి. అక్కరలేని ఖాళీలు పోయేవి. జూన్ నుంచి అది మనుషులకూ వర్తిస్తోంది. పక్క సీటు రుక్సానా నొక్కినప్పుడు, చిన్నప్పటి నుంచి పక్కదాని మీదికి ఎక్కి ఉన్న ఆమె ముందుపన్ను దిగి తన చోట నిలబడింది. గేటు దగ్గర గార్డు ఆమెను గుర్తుపట్టలేదు. హెచ్‌ఆర్ వాళ్లు ఒక ఫారం నింపించుకుని కొత్త ఐడీ కార్డు ఇచ్చారు. టెస్టింగు విభాగంలో ఒకాయనకు ఇరవై ఏళ్ల నత్తి పోయింది. ఇంట్లో ఇప్పుడు ఆయన మాటను ఎవరూ మధ్యలో అందుకోవడం లేదు. ఆఫీసు మెట్లన్నీ ఒకే ఎత్తుకు వచ్చాయి.

కోడ్ సర్దుకోవడం చూస్తే యేసోబుకు నిజంగానే ఒళ్లు పులకరించేది. నాలుగు వేల వరుసలు రెప్పపాటులో, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, తమ తమ చోటికి వెళ్లి నిలబడేవి. పద్నాలుగేళ్లుగా తను రాసిందంతా ఏదో పెద్ద ప్రశాంతతకు చిత్తుప్రతి మాత్రమే అనిపించేది. దాన్ని కాదనడానికి అతని దగ్గర సిద్ధాంతమేమీ లేదు. సర్దుబాటు నియమాల్లో ఒక్కదాని దగ్గరే వేలు ఆగింది: ఒకటికి మించి ఖాళీ వరుసలు పక్కపక్కన ఉండరాదు.

భార్య కరుణ బతికున్న రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంటా పదికి ఫోన్ చేసేది. "తిన్నారా?" అని అడిగేది. క్యారేజీ మూతైనా తీయకుండా "తిన్నాను" అనేవాడు. తర్వాత ఆమె కబుర్లు వింటుంటే అతని కుడి చిటికెన వేలు దానంతటదే ఎంటర్ మీట నొక్కుతూ ఉండేది. కబుర్లు ఎంతసేపైతే ఆ రోజు ఫైలులో అన్ని ఖాళీ వరుసలు. గ్యాస్ బండ రాలేదన్న రోజు నాలుగు. స్కానింగు కాగితాలు వచ్చిన రోజు పదిహేడు. ఆసుపత్రి నుంచి చేసిన చివరి ఫోన్‌లో ఆమె ఏమీ అడగలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. ఆ రోజు నలభై ఒకటి.

మూడేళ్లుగా, ఒంటిగంటా పదికి ఆ ఫైలు తెరిచి, ఆ వరుసల మీదుగా పైనుంచి కిందికి మెల్లగా దిగుతాడు. ఏమీ ఉండదు. ఏమీ లేకపోవడం అంత పొడుగ్గా ఉండగలదా అని ప్రతిరోజూ కొత్తగా నివ్వెరపోతాడు.

మేనేజర్ పద్మలతకు ఈ సంగతి మొన్ననే చెప్పుకున్నాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

"ఒక వరుస ఉంచుతారు కదండీ యేసోబు గారూ. పూర్తిగా తీసెయ్యరు."

"ఒకటి చాలదేమో మేడం."

"కాలం చేసిన మా నాన్నగారు కూడా ఇప్పుడు ఒక్క వరుసలోనే ఉన్నారు. బానే ఉన్నారు. నాకూ పని ఇదివరకటి కన్నా త్వరగా అవుతోంది."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ ముఖంలో ఎక్కడా ఒక్క ముడత లేదు.

ఇప్పుడు ఒంటిగంటా రెండు. రుక్సానా కుర్చీ తిప్పింది.

"ఏందన్నా, ఇంకా పెట్టుకోలేదా? నీ ఒక్కనికోసం ఫ్లోరంతా పెండింగ్ చూపిస్తుంది."

"నా ఖాళీలు పోతాయమ్మా."

"ఖాళీగుంటేనే తీస్తది. ఏదన్న మాట రాసిపెట్టు, ముట్టదు. మా అమ్మ తిట్లన్నీ నేనట్లనే దాచుకున్న." నవ్వింది. పళ్లు చాలా తిన్నగా ఉన్నాయి. "కాని ఉత్తుత్తిది రాయకు. అబద్ధమైతే పట్టేస్తది. అది గూడ ఖాళీ కిందనే లెక్క."

న్యాయంగానే ఉంది అనుకున్నాడు యేసోబు. గడిలో షిఫ్ట్, ఆల్ట్, ఎఫ్ అని పెట్టాడు. మూడూ ఎడమ చేతికే అందుతాయి. పైన పెండింగు సున్నా అయింది. దూరంగా ఎవరో చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆ ఫైలు తెరిచి, మొదటి ఖాళీ వరుసలో "తిన్నాను" అని రాశాడు. రెండో దానిలోనూ అదే. నలభై ఒకటీ నిండాయి. ఆమె అడగని ప్రశ్నకు నలభై ఒక్క జవాబులు, ఒకే ఎడంతో, ఒకదాని కింద ఒకటి, అప్పుడే సర్దుకున్నంత అందంగా ఉన్నాయి. ఊపిరి వినిపించే చోటు మాత్రం ఎక్కడా మిగల్లేదు.

ఒంటిగంటా పది. ఎడమ చేతి మూడు వేళ్లూ మూడు మీటల మీద ఆనించి ఉంచాడు. కుడి చేత్తో క్యారేజీ దగ్గరికి లాక్కుని మూత తీశాడు.