లక్క ముద్ర వెనక నల్ల దంపతులు

“ఈ ఊళ్లో నేరం ఇంకా మిగిలుందంటే, నా భయంతో ఎక్కడో దాక్కునుందన్నమాట” అన్నాడు బావ, గొడుగు ఊచ సరిచేస్తూ. బావకు కూడు పెట్టేది గొడుగుల మరమ్మతు. నిద్ర పట్టనివ్వనిది అపరాధ పరిశోధన.

బావమరిదికి నవ్వే ఓపిక లేదు. కుందేళ్ల షెడ్డులో అతని ఉద్యోగం ఊడేలా ఉంది. నల్ల జంటకు పుట్టిన పిల్లల్లో రెండు తెల్లగా తేలాయి. పక్కింటి తెల్ల మగకుందేలును అతనే లోపలికి రానిచ్చాడని యజమాని అనుమానం. తప్పు తనది కాదని నిరూపించుకోవడానికి నలభై రోజులు గడువిచ్చాడు.

“ఆ నల్ల దంపతుల్ని నాకప్పగించు. నిజం కక్కిస్తాను.”

“అవి మాట్లాడవు బావా.”

“మనతో మాట్లాడవురా. వాటిలో అవి మాట్లాడుకోవూ? ఒకే గదిలో పెట్టి చాటుగా వింటాను.”

యజమాని విసుగెత్తి ఆ రోజే సరేనన్నాడు. బావ తన ఇంటి సామాన్ల గది కిటికీకి మేకులు కొట్టి, జంటను లోపల వదిలి, తలుపుకు తాళం వేసి, దానిమీద యజమాని చేతే లక్క ముద్ర వేయించాడు. తలుపు కింద మూడు వేళ్ల సందులోంచి బావ భార్య, అంటే బావమరిది అక్క, మేత తోసేది. బావ రోజూ తలుపుకు చెవి ఆనించి రాసుకునేవాడు. పుస్తకం నిండా ‘కరకర’ తప్ప మరో ముక్క లేదు.

“ఈ వారం మేత రెట్టింపు లాగిస్తున్నాయండీ” అంది అక్క.

“దొరికిపోతామన్న బెంగ” అన్నాడు బావ.

నలభయ్యో రోజు యజమాని పశువుల డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. బావ గొంతు సవరించుకున్నాడు.

“షెడ్డులో ఓ తెల్ల వెంట్రుక దొరికింది. దాని సొంతదారు ఇక్కడే ఉన్నాడు.” గొడుగు మొన యజమాని నెరిసిన తల వైపు తిరిగింది.

బావమరిది కళ్లు మూసుకున్నాడు. ఊడబోయే ఉద్యోగం ఊడనే ఊడింది.

యజమాని పళ్లు నూరుతూ తన ముద్ర తానే పగలగొట్టి తలుపు తోశాడు. లోపల బొచ్చు గూట్లో ఎనిమిది పిల్లలు. ఆరు నల్లవి, రెండు తెల్లవి.

డాక్టరు వంగి చూశాడు. “వారం పిల్లలు. కుందేలు మోసేది నెల రోజులే. అంటే ఇవి ఈ గదిలోనే కడుపున పడ్డాయి. పక్కింటి కుందేలుకు సంబంధం లేదు. ఈ రెండింటిలోనూ తెలుపు దాగుంది. అటు తల్లి నుంచీ ఇటు తండ్రి నుంచీ ఆ తెలుపే అందిన పిల్ల తెల్లగా పుడుతుంది. ఇంచుమించు నాలుగింట ఒకటి. తాతల నుంచి వచ్చిన రంగు.”

యజమాని జేబులోంచి షెడ్డు తాళాలు తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

బావ పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. “అయితే అసలు ముద్దాయిలు తాతలన్నమాట. చిరునామా చెప్పండి డాక్టరుగారూ, ఇప్పుడే బయల్దేరతాను.”

“ముందు ఆ గది కడిగి బయల్దేరండి” అంది అక్క, చీపురు అందిస్తూ.